చెల్లి రాసిచ్చిన మోడల్ నంబరు

మా చెల్లి ఆ కాగితం రాయడానికి నెల రోజులు తీసుకుంది. రోజూ ఫోన్‌లో లాప్‌టాప్‌ల వీడియోలు చూసేది, కింద వచ్చే అక్షరాలు చదివేది, నోట్‌బుక్‌లో రాసుకునేది, కొట్టేసేది, మళ్లీ రాసుకునేది. ఆఖరికి అందులోంచి ఒక పేజీ చించి మడిచి నా చేతికిచ్చింది. పేజీ మొత్తానికి ఒకే ఒక్క మోడల్ నంబరు. దాని కింద, అదే ఎందుకు కావాలో నాకు అర్థమయ్యేలా నాలుగు ముక్కలు. తెర పద్నాలుగు అంగుళాలు, రంగులు ఉన్నవి ఉన్నట్టు చూపించాలి. బరువు కిలోన్నర దాటకూడదు. బొమ్మలకీ గేములకీ సరిపోయే గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉండాలి. వేరేది ఏదీ వద్దు.

చెల్లికి పుట్టుకతో వినపడదు. అప్పటికి దానికి ఇరవై ఏళ్లు. వినపడని పిల్లల హాస్టల్ బడిలో పదో తరగతి, ఆ తర్వాత డిప్లొమా చదివింది. ఇంట్లో మేం చేతులతోనే మాట్లాడుకుంటాం. కొన్ని అది బడిలో నేర్చుకొచ్చిన సైగలు, కొన్ని మేం కల్పించుకున్నవి. ఇక్కడ దాని సైగలను నేను మాటలుగా రాస్తున్నాను.

బొమ్మలు వేయడం దానికి ఎవరూ నేర్పలేదు. ఫోన్‌లో వేలితో వేసి పంపినవి చూసి, పిల్లల గేములు తయారుచేసే విజయవాడ కంపెనీ ఒకటి ఆరు నెలల ట్రైనింగ్‌కి రమ్మంది. గేముల్లో వెనకాల కనపడే కొండలూ ఇళ్లూ వీధులూ వేసే పని. సోమవారం చేరాలి. లాప్‌టాప్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. అక్కడ ఉండబోయే హాస్టల్ నుంచి ఆఫీసుకి రెండు బస్సులు మారాలి కాబట్టి బరువు దగ్గర అంత పట్టుదల.

గేముల సంగతీ చెప్పాలి. చెల్లి గేములాడుతుందంటే మా బంధువులు నవ్వేవాళ్లు. బడిలో తనతో చదివిన నలుగురితో కలిసి ఒక జట్టు ఉండేది దానికి. ఐదుగురికీ వినపడదు. ఐదుగురూ ఐదు ఊళ్లలో ఉంటారు. పక్కన ఫోన్ నిలబెట్టుకుని వీడియోలో సైగలు చేసుకుంటూ ఆడేవాళ్లు. చెల్లి మా గురజాలలో ఒక నెట్ సెంటర్‌కి పోయి ఆడేది. ఆ ఆదివారం వాళ్లకి ఏదో పోటీలో మ్యాచ్ ఉంది. కొత్త లాప్‌టాప్ మీద ఆడదామని అప్పటికే అందరికీ చెప్పుకుంది.

నేను టైల్స్ పని చేస్తాను. నాన్న పోయాక ఇంట్లో ఏది కొనాలన్నా ఎవరితో మాట్లాడాలన్నా నేనే. ఆ పెత్తనం నాకు ఎవరూ ఇవ్వలేదు. కొన్నాళ్లకి అలవాటైంది, అలవాటయ్యాక బాగానే అనిపించింది.

గురువారం పొద్దున అమ్మా, చెల్లీ, నేనూ నరసరావుపేట బస్సెక్కాం. అక్కడ కంప్యూటర్ షాపతను కాగితం చూసి, "ఉందన్నా, గోడౌన్‌లో ఉంది. గంటలో తెప్పిస్తా" అన్నాడు. అప్పటికప్పుడు బిల్లు కూడా కొట్టి ఇచ్చాడు. హాస్టల్‌కి బకెట్టూ దుప్పట్లూ కొనాల్సి ఉంది. ఆ గంటలో అవి చూసుకొస్తామని అమ్మ చెల్లిని తీసుకుని బజారుకి వెళ్లింది. నేను షాపులోనే కూర్చున్నాను.

అరగంటకి అతనికి ఫోన్ వచ్చింది. మాట్లాడి పెట్టేసి నా పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"అన్నా, ఆ పీసు నిన్ననే పోయిందంట. మళ్లీ రావాలంటే పది రోజులు."

"సోమవారం చేరాలండి అమ్మాయి."

"అందుకే చెప్తన్నా. ఇదిగో, ఇది చూడు." వెనక రాక్ లోంచి పెద్ద పెట్టె ఒకటి దించాడు. "దానికంటే పెద్ద స్క్రీను. గ్రాఫిక్స్ కార్డు కూడా దానికంటే పెద్దది. గేములాడే కుర్రాళ్లంతా ఇదే పట్టుకుపోతన్నారు. అదే రేటుకి నీకిస్తా."

"మా చెల్లిని అడగాలి."

"అడుగు, నేనొద్దన్నానా? కాకపోతే ఆ పాపకి ఇయ్యన్నీ ఏం తెలుస్తయ్యన్నా. మనం చూసి ఇప్పించేదేగా."

ఫోన్ నా చొక్కా జేబులోనే ఉంది. పెట్టెను ఫొటో తీసి పంపిస్తే చెల్లి నిమిషంలో జవాబిచ్చేది. దాచేపల్లిలో ఒక కొత్త ఇంటి హాలు శనివారం లోపు పూర్తి చేస్తానని ఒప్పుకున్నాను. ఇంకోసారి ఇంత దూరం రావడం కుదరదు. పెద్దదే మంచిదేమో అని కూడా అనిపించింది. ఇవన్నీ నిజమే. కానీ ఫొటో పంపకపోవడానికి అసలు కారణం అవి కావు. పంపితే వద్దంటుందని నాకు తెలుసు.

వాళ్లు తిరిగొచ్చేసరికి పెట్టెను నల్ల కవర్లో పెట్టి టేపు వేసేశారు. చెల్లి రెండు చేతుల్లో బకెట్టు పట్టుకుని గుమ్మంలోనే ఆగి, కనుబొమ్మలెత్తి అడిగింది. అదేనా?

నేను రెండు చూపుడువేళ్లు పక్కపక్కన చేర్చి చూపించాను. అదే.

దాని ముఖం ఎంత వెలిగిందో చూశాను. చూసి బస్టాండు వైపు తల తిప్పుకున్నాను. ఇంటికి చేరేదాకా రెండు గంటలు బస్సులో దాని పక్కన కూర్చోలేదు. డ్రైవరు దగ్గర నిలబడ్డాను.

ఇంటికొచ్చాక చెల్లి కాళ్లు చేతులు కడుక్కుని మంచం మీద శుభ్రమైన తువ్వాలు పరిచింది. కవరు విప్పింది. పెట్టె పక్కనున్న లేబుల్ దగ్గర దాని చేయి ఆగింది. ఒకసారి చదివి, వేలు పెట్టి మళ్లీ చదివింది. నా వైపు తిరిగింది.

"ఇది అది కాదు."

"దానికంటే పెద్దది. మంచిది."

"నువ్వు అదే అన్నావు."

"అది షాపులో లేదు. పది రోజులు పడుతుందన్నాడు."

"నువ్వు అదే అన్నావు."

ఇంకేదో చెప్పబోయాను. చెల్లి కళ్లు మూసుకుంది. దానికి కోపమొస్తే అంతే. మామూలు మనుషులు తలుపేసుకున్నా బయట నుంచి అరిచి చెప్పుకోవచ్చు. అది కళ్లు మూసుకుంటే నేను చెప్పేది చేరడానికి ఏ దారీ ఉండదు. నా చేతులు గాలిలో అలాగే ఆగిపోయాయి.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "ఏందిరా, ఏం చేశావు?"

చెప్పాను. షాపతను చెప్పిందంతా, తెర సైజుతో సహా, అతని మాటల్లోనే అప్పజెప్పాను.

"అయ్యన్నీ నాకెందుకు. అదేనా అనడిగితే అదే అన్నావా లేదా?"

"అన్నాను."

"అది వినపడకపోయినా నీ చెయ్యి చూసి నమ్మిద్ది గదరా" అంది అమ్మ. గట్టిగా కూడా అనలేదు.

నాకు ఏం చేయాలో తోచలేదు. తోచనప్పుడు మనిషి చేసే పనే చేశాను. లాప్‌టాప్ మంచిదని చూపించేస్తే గొడవ తీరిపోతుందనుకుని, కత్తెర తీసుకుని పెట్టె సీలు కోసేశాను. పైకి తీస్తే నా రెండు చేతులకీ బరువు తెలిసింది. ఆన్ చేయగానే అక్షరాల కింద ఎర్ర లైట్లు వెలిగాయి. భాష అడిగింది, నెట్ అడిగింది, పేరు అడిగింది. రెండుసార్లు తప్పు నొక్కి మొదటికి వచ్చాను. చెమటలు పట్టాయి. అమ్మ చెల్లి భుజం తట్టింది. చెల్లి కళ్లు తెరిచి, కాసేపు నా అవస్థ చూసి, వచ్చి నా చేయి పక్కకి నెట్టి తను కూర్చుంది.

అరగంటలో లాప్‌టాప్ దాని మాట వినడం మొదలుపెట్టింది. ఆ తర్వాత తన బొమ్మ ఒకటి తెరిచింది. మిరప కల్లం బొమ్మ. అమ్మ ఏటా మిరపకాయల తొడిమలు తీయడానికి, ఏరడానికి కూలికి పోతుంది. సెలవుల్లో చెల్లి కూడా వెంట పోయి అక్కడ కూర్చుని వేసింది అది. అదే బొమ్మను ఫోన్‌లో తెరిచి, ఫోన్‌ని లాప్‌టాప్ తెరకి ఆనించి, పక్కకి జరిగింది. చూడండి అన్నట్టు చేయి చాపింది.

నాకంటే ముందు అమ్మ వంగి చూసింది. ఫోన్‌లో కల్లం నిండా ఎరుపులు. పచ్చి ఆరని ఎరుపు, గలగలలాడే ఎండు ఎరుపు, మధ్యలో తెల్లబోయిన తాలుకాయలు. లాప్‌టాప్‌లో కల్లమంతా ఒకటే ఇటుకపొడి రంగు.

"ఏదే, తాలు యాడుంది ఇందులో?" అని అమ్మ తెర మీద వేలు పెట్టి వెతికింది. "అంతా ఒకటే మాదిరుందే. ఇది పెట్టుకుని కాయ ఏరితే సాయంత్రానికి ఇంటికి పంపిత్తారు."

నేను దగ్గరకి జరిగి చూశాను. ఒకే నంబరు టైల్స్ అయినా రెండు వేరే బ్యాచ్‌ల పెట్టెలు కలిసిపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. పెట్టెలో చూస్తే ఒకటే. నేల మీద పరిచాక తేడా కొడుతుంది. మాచర్లలో ఒకసారి గది మొత్తం పరిచి, మళ్లీ మొత్తం పగలగొట్టాను. రంగు చూసే బతుకుతున్నవాణ్ణి, రంగులు సరిగ్గా ఉండాలి అని చెల్లి కాగితం మీద రాసిచ్చిన మాట చదివి కూడా పట్టించుకోలేదు.

"రేపు తీసుకుపోయి మార్చుకొద్దాం" అని సైగ చేశాను.

చెల్లి మంచం మీద రెండు ముక్కలై పడి ఉన్న సీలు తీసి చూపించింది.

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. దాచేపల్లి ఇంటాయనకి ఫోన్ చేసి రేపు రాలేనని చెప్పాను. "అయితే ఇంకొకళ్లని చూసుకుంటాలే" అని పెట్టేశాడు. అన్నట్టే చేశాడు.

శుక్రవారం మొదటి బస్సుకి చెల్లీ నేనూ బయల్దేరాం. లాప్‌టాప్ బ్యాగు నా భుజానే వేసింది. దారి పొడుగునా అది నాతో ఒక్క సైగ చేయలేదు. పెట్టెలో వచ్చిన కాగితాలన్నీ ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటే చదువుతోంది. వారంటీ కార్డు, చిన్న అక్షరాల పుస్తకం, ఆఖరికి నా జేబులోంచి తీసిచ్చిన బిల్లు. పిడుగురాళ్ల దాటాక బిల్లు మీద దాని తల వంగిపోయింది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత దాన్ని మడిచి చేతిసంచిలో లోపలి అరలో పెట్టి జిప్పు వేసుకుంది. నేను అడగలేదు. అడిగినా చెప్పేది కాదు.

షాపు అప్పుడే తెరిచారు. షాపతను బ్యాగు చూడగానే విషయం గ్రహించాడు.

"సీలు తీశారుగా అన్నా. ఇంక నన్నేం చెయ్యమంటావు?"

"తీసింది నేను, అమ్మాయి కాదు. రంగులు సరిగా కనపడటం లేదండి. బొమ్మలేసే పని దానిది."

"రంగులకేమైంది? గేములకని కదా తీసుకుంది."

"కాగితంలో రాసే ఉంది కదా."

"కాగితం సంగతి నాకు తెలీదన్నా. చూసుకుని, సరేనని, నువ్వే పట్టుకుపోయావు."

అది నిజం. నేను మొదట బతిమాలాను. తర్వాత గొంతు పెంచాను. అతనూ పెంచాడు. ముందు రోజు అంత తీయగా మాట్లాడిన మనిషి, "ఏం చేసుకుంటావో చేసుకో పో" అనేదాకా వచ్చాడు. కౌంటరు మీద చేయి వేసి ముందుకి వంగాను. ఇంకో మాట అటో ఇటో జరిగితే అతని కాలరు పట్టుకునేవాణ్ణి.

చెల్లి నా మోచేయి పట్టి వెనక్కి లాగింది. బ్యాగులోంచి లాప్‌టాప్ తీసి కౌంటరు మీద బోర్లా పెట్టింది. చేతిసంచి జిప్పు తీసి బిల్లు బయటికి తీసి దాని పక్కన పరిచింది. ఒక వేలు బిల్లులో మోడల్ నంబరు మీద, ఇంకో వేలు లాప్‌టాప్ అడుగున ఉన్న నంబరు మీద పెట్టి, అతని కళ్లలోకి చూసింది.

రెండూ వేరు. గోడౌన్ నుంచి ఫోన్ రాకముందే, చెల్లి కాగితంలో ఉన్న నంబరుతో బిల్లు కొట్టేశాడు. తర్వాత వేరే పెట్టె ఇచ్చి బిల్లు మార్చడం మర్చిపోయాడు. ఆ బిల్లు నా జేబులోనే ఇంటిదాకా వచ్చింది. నేను చూడలేదు.

అతను చదివాడు. తర్వాత చేయి చాపాడు. "చిన్న మిస్టేకు. ఇటివ్వండి, ఇప్పుడే వేరే బిల్లు కొట్టిస్తా."

చెల్లి బిల్లు తీసి మళ్లీ సంచిలో పెట్టుకుంది.

"ఇవ్వమని చెప్పన్నా."

నా నోటిదాకా ఏదో వచ్చింది. దాన్ని ఆపుకుని చెల్లి వైపు తిరిగాను. "ఏం చెప్పమంటావు?" అని అడిగాను. అంతకుముందు ఏ షాపులోనూ, ఏ ఆఫీసులోనూ నేను ఆ ప్రశ్న అడగలేదని అప్పుడు గుర్తుకొచ్చింది.

చెల్లి నెమ్మదిగా సైగ చేసింది. నేను ఒక్కో మాటే చెప్పాను. "బిల్లులో ఏది రాసి ఉందో అదే కావాలంట. ఆదివారం లోపు. అది చేతికొచ్చేదాకా ఈ లాప్‌టాపూ ఇవ్వదంట, బిల్లూ ఇవ్వదంట. ఈ బిల్లుతో ఈ లాప్‌టాప్‌కి రేపు రిపేరొస్తే నంబరు కలవడం లేదేంటని కంపెనీవాళ్లు మిమ్మల్నే అడుగుతారంట."

"అయ్యన్నీ ఆ పాప చెప్పిందా?"

"అవును."

అతను చెల్లి వైపు చూశాడు. అంతసేపట్లో దాని ముఖం చూడటం అదే మొదటిసారి. ఫోన్ తీసుకుని లోపలికి పోయాడు. మేం నిలబడే ఉన్నాం. పావుగంట అయింది. చెల్లి కుడి కాలు కింద నేలను తడుతూనే ఉంది, అది దానికి కూడా తెలియదు.

బయటికొచ్చి, గుంటూరులో తమవాళ్ల ఇంకో షాపులో ఒక పీసు ఉందన్నాడు. "కాకపోతే మూడు వారాలుగా డిస్‌ప్లేలో పెట్టింది. మళ్లీ వాడిందిచ్చావని నా మీదకి రావద్దు. ఇష్టమైతే అక్కడ చూసుకుని మార్చుకోండి."

చెల్లి ఆలోచించి, "చూశాకే సరే అంటాను" అంది.

గుంటూరు బస్సు కిక్కిరిసి ఉంది. గంటకు పైగా నిలబడ్డాను. లాప్‌టాపూ, ఇటుకంత ఉన్న దాని ఛార్జరూ కలిసి భుజాన్ని కోసేశాయి. కుడి నుంచి ఎడమకి, ఎడమ నుంచి కుడికి మార్చుకున్నాను. సిమెంటు బస్తాలు మోసే భుజమే. అయినా రోజూ రెండు బస్సుల్లో, పొద్దునా సాయంత్రం, ఇది మోయాల్సింది నేను కాదు.

గుంటూరు షాపులో ఒకమ్మాయి ఆ చిన్న లాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టింది. చెల్లి దాన్ని గంటసేపు పరీక్ష చేసింది. తెరంతా ఒకసారి ఎరుపు, ఒకసారి పచ్చ, ఒకసారి నీలం, తెలుపు, నలుపు నింపి, వెలగకుండా చచ్చిపోయిన చుక్క ఒక్కటైనా ఉందేమోనని కళ్లు చికిలించి మూల మూలా వెతికింది. అక్షరాలన్నీ ఒక్కొక్కటే నొక్కింది. మూత పదిసార్లు తెరిచి మూసింది. సంచిలోంచి బొమ్మలేసే ప్యాడూ పెన్నూ తీసి తగిలించి గీతలు గీసింది. ఒక గేము నడిపించి, వెనకాల వేడిగాలి వచ్చే చోట అరచేయి పెట్టి కళ్లు మూసుకుంది. ఈసారి కోపంతో కాదు. లోపల ఫ్యాను తిరిగే తీరును చేత్తో వింటోంది. వెనకాల ఇంకో ఇద్దరు నిలబడి గొణుగుతున్నారు. నేను పది నిమిషాలకొకసారి గడియారం చూస్తున్నాను. అది మాత్రం తలెత్తలేదు.

మూల మీద చిన్న గీత ఒకటి కనిపించింది. దాన్ని ఫొటో తీసి, వారంటీ ఈ రోజు నుంచే మొదలవుతుందని బిల్లు మీద రాసి ముద్ర వేయమని అడిగింది. ఆ అమ్మాయి లోపలికెళ్లి అడిగి వచ్చి, రాసి, ముద్ర వేసింది. అప్పుడు చెల్లి సరే అంది. పెద్దది అప్పగించి బయటికొచ్చాం. కొత్తది చెల్లి తన భుజానికే తగిలించుకుంది.

శనివారం పొద్దున్నుంచి లాప్‌టాప్‌ని తనకు తగ్గట్టు సర్దుకునే పని. షాపువాళ్లు వేసిన అక్కర్లేని ప్రోగ్రాములు తీసేసింది. బొమ్మల సాఫ్ట్‌వేర్ వేసుకుంది. బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో చూద్దామని ఛార్జింగ్ పెట్టకుండానే వాడి, బాగా దిగాక అప్పుడు పెట్టింది. గేము పెద్దది కావడంతో దాని ఫోన్ నెట్ అయిపోయింది, తర్వాత నాది, తర్వాత అమ్మది. మధ్యాహ్నం లాప్‌టాప్ పెద్ద అప్‌డేట్ ఒకటి మొదలుపెట్టింది. నీలం తెర, మధ్యలో తిరిగే చుక్కలు, కింద కంప్యూటర్ ఆపవద్దని హెచ్చరిక. నలభై శాతం దాకా వచ్చింది. అప్పుడు కరెంటు పోయింది.

ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోతే మా వీధికి ఎప్పుడొస్తుందో చెప్పలేం. అప్‌డేట్‌కి ముందు బ్యాటరీ పంతొమ్మిది ఉందని చెల్లి చూసింది. నీలం తెర మీద ఇప్పుడు ఎంత ఉందో కనపడదు. "మధ్యలో ఆగిపోతే?" అని అడిగాను. "మళ్లీ లేవకపోవచ్చు" అంది. ఎల్లుండి పొద్దున చేరాలి.

అమ్మ వీధిలోకి తొంగిచూసి, "మందులషాపు బాబాయికి ఇన్వర్టరుంది" అంది.

లాప్‌టాప్ మూత మూస్తే నిద్రపోతుందని చెల్లి మూయనివ్వలేదు. తెరిచే ఉంచి రెండు అరచేతుల మీద పెట్టుకుని నడిచాను. పరుగెత్తితే పడిపోతానని భయం, నడిస్తే ఆలస్యమవుతుందని భయం. ఎండలో తెర అసలు కనపడలేదు. వెలుగుతోందో ఆరిపోయిందో తెలియదు. చెల్లి ఛార్జరు పట్టుకుని పక్కనే వస్తూ, తన చున్నీ తెర మీద గొడుగులా పట్టి మాటిమాటికీ తొంగిచూసింది. వీధి మలుపులో ఒక బైకు అడ్డం వచ్చింది. ఆపమని అరిచాను. నా అరుపుకి నాకే భయమేసింది.

మందులషాపు బాబాయి సంగతి విని చుట్టూ చూశాడు. ఇన్వర్టరుకి ఉన్న ప్లగ్గులు రెండే. ఒకటి ఫ్రిజ్‌ది, ఇంకొకటి ఆయన బిల్లులు కొట్టే కంప్యూటర్‌ది.

"ఫ్రిజ్ తియ్యలేనమ్మా, ఇంజెక్షన్లు పాడైతయ్" అన్నాడు. చెల్లి ఆయన పెదాల వైపే చూస్తోంది. ఆయన వంగి కంప్యూటర్ ప్లగ్గు పీకేశాడు. "ఇయ్యాల చేత్తోనే రాస్తాలే. కానియ్యండి."

ప్లగ్గు పెట్టాం. లాప్‌టాప్ పక్కన చిన్న లైటు వెలిగింది. చెల్లి కౌంటరు కింద నేల మీదే కూర్చుండిపోయింది. ముప్పావుగంట. ఆయన ఒక్కొక్కరికీ చీటీ మీద మందుల పేర్లు రాసి ఇస్తున్నాడు, కొనేవాళ్లు ఈ నీలం తెర ఏందని అడుగుతున్నారు. తొంభై ఒకటి దగ్గర పది నిమిషాలు కదల్లేదు. నేను బయటికి పోయి నిలబడ్డాను, చూడలేక. లోపలి నుంచి బాబాయి, "వచ్చిందిరా, లోపలికి రా" అని కేకేస్తే వెళ్లాను. తెర మీద చెల్లి పేరు ఉంది. చెల్లి చేతులు రెండూ ముఖానికి కప్పుకుని ఉంది.

ఆదివారం సాయంత్రం మ్యాచ్‌కి నేను వెనకాల గోడకి ఆనుకుని కూర్చున్నాను. దాని ఆట నేను చూడటం అదే మొదటిసారి. అడుగుల చప్పుడు, తుపాకీ చప్పుడు ఎటు నుంచి వస్తే అటు తెర మీద చిన్న గుర్తు మెరిసేలా పెట్టుకుంది. ఒక ఆటకీ ఇంకో ఆటకీ మధ్య ఫోన్‌లో నలుగురి ముఖాలూ చెల్లి చేతుల వైపే చూస్తున్నాయి. అది చెప్పినట్టు వాళ్లు కదులుతున్నారు. వాళ్ల కెప్టెన్ ఎవరని నేను ఎప్పుడూ అడగలేదు. ఆఖరి ఆట దాకా సమానంగా వచ్చి ఓడిపోయారు. జట్టులోని ఒంగోలు కుర్రాడు ఫోన్‌లో తల పట్టుకున్నాడు. చెల్లి మాత్రం పగలబడి నవ్వింది. ఆ నాలుగు రోజుల్లో దాని నవ్వు నేను చూడటం అదే.

సోమవారం తెల్లవారకముందే విజయవాడ బస్సెక్కాం. సత్తెనపల్లి దాటాక అది ఫోన్‌లో ఏదో రాసి నా ముందు పెట్టింది. బస్సు చీకట్లో సైగలు సరిగా కనపడవు కదా.

"ఆ రోజు ఎందుకు అబద్ధం చెప్పావు?"

పని ఉందని, బస్సు టైమని రాయబోయాను. కొట్టేశాను. "అడిగితే వద్దంటావని" అని రాసి ఇచ్చాను.

అది చదివింది. తర్వాత రాసింది. "నేను వద్దంటే నీకేం?"

దానికి జవాబు లేదనే రాశాను. క్షమించమని కూడా రాశాను. చెల్లి ఫోన్ తీసుకుని చదివింది, తలూపింది, ఫోన్ లోపల పెట్టేసింది. క్షమించినట్టా, చదివినట్టా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు.

హాస్టల్ మేడమ్ అలవాటుగా నన్నే అడగడం మొదలుపెట్టింది. ఏం తింటుంది, ఎన్నింటికి వస్తుంది, మందులేమైనా వాడుతుందా. "అమ్మాయినే అడగండి మేడమ్, రాస్తే చదువుతుంది" అన్నాను. ఆమె కాస్త ఇబ్బంది పడి, రిజిస్టరు వెనక పేజీ తిప్పి పెన్ను అందుకుంది. వాళ్లిద్దరూ ఒకే పేజీ మీద వంగి ఒకరి తర్వాత ఒకరు రాసుకుంటుంటే, నేను తాళం కప్ప కొనుక్కురావడానికి బయటికొచ్చాను.

ఆరు నెలల తర్వాత ఆ కంపెనీ వాళ్లు చెల్లిని ఉద్యోగంలోకి తీసుకున్నారు. మేం ఇంకా కొట్లాడుకుంటూనే ఉంటాం, వేరే సంగతుల మీద. లాప్‌టాప్ అదే వాడుతోంది. మొన్నామధ్య బ్యాటరీ మార్పించిందట. ఎక్కడ మార్పించిందో, ఎలాంటిది వేయించిందో నాకు తెలియదు. అంతా అయిపోయాక, మాటల మధ్యలో చెప్పింది.